కోల్డ్‌ప్లే కచేరీకి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? (అహ్మదాబాద్, జనవరి 26)

మియాపూర్_అమ్మ
2024 డిసెంబర్ 15
నవంబర్‌లో మావారు గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో కూర్చుని అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ కోల్డ్‌ప్లే షోకి నాలుగు టికెట్లు సంపాదించారు. జనవరి 26, నరేంద్ర మోదీ స్టేడియం. పాపకి 11, బాబుకి 6. పాప కీబోర్డ్ నేర్చుకుంటోంది, వాళ్ళ పాటలు నాలుగైదు వాయించేస్తుంది కూడా. బాబుకి అక్కకి ఏది కావాలంటే అదే కావాలి, అంతే. టికెట్లు దొరికిన రోజు మా ఇంట్లో పండగే.

ఈ నెల 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాట చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. పిల్లల్ని తీసుకుని సినిమాకి వెళ్ళిన తల్లి ఇంటికి తిరిగి రాలేదు. ఆవిడ కొడుకు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. "లక్షమందిలోకి పసిపిల్లల్ని ఈడ్చుకెళ్తారా" అని అత్తయ్య రోజూ అంటున్నారు. ఆవిడ మాట తీసిపారేయలేకపోతున్నాను. మావారేమో "సీట్ నంబర్లున్నాయి, నిలబడేచోటు కాదు, భయమెందుకు" అంటారు.

పిల్లలతో పెద్ద రాక్ కచేరీకి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇద్దర్నీ తీసుకెళ్ళాలా, పాపనొక్కదాన్నేనా, అసలు మానుకోవాలా?

గోదారిగట్టు
మానుకోండి. ఆరేళ్ళవాడికి ఏం గుర్తుంటుంది? నిద్రొస్తే భుజాన వేసుకుని మోయాల్సింది మీరే.

ఓరుగల్లు_పోరడు
గట్లంటే ఎట్ల గోదారిగట్టు గారూ. నాకు నాలుగేండ్లున్నప్పుడు మా నాయిన భుజాల మీద కూసోబెట్టుకొని మేడారం తీస్కపోయిండు. ఎంత జనం! గద్దెల కాడి బెల్లం వాసన నాకిప్పటికీ యాదికున్నది. గుర్తుండదని ఎవలు జెప్పిన్రు?

గోదారిగట్టు
మేడారం సంగతి మీకు తెలుసు, పుష్కరాల సంగతి నాకు తెలుసు. మాది రాజమండ్రి. 2015 జులై 14 పొద్దున పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగినప్పుడు నేను అక్కడికి రెండు వీధుల అవతల ఉన్నాను. పాతికమందికి పైగా పోయారు. రేవు మెట్ల మీద జతలు తప్పిన చెప్పులు గుట్టలుగా పడున్నాయి, వాటిలో చిన్నపిల్లలవీ ఉన్నాయి. దేవుడి కోసం వచ్చినా పాట కోసం వచ్చినా జనం జనమే. నేను ఊరికే పెద్దరికం కోసం చెప్పే మాట కాదు.

మియాపూర్_అమ్మ
ఇదే నా భయం కూడా.

ముషీరాబాద్_శీను
మా ఇల్లు ఆ సంధ్య థియేటర్ ఉన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి దగ్గర్లోనే. చిన్నప్పటి నుంచి ఆ థియేటర్ల ముందు జనాన్ని చూస్తూ పెరిగినోణ్ణి కాబట్టి ఒక మాట. సీట్లో కూర్చున్నోళ్ళకి ఏమీ కాదు. నలుగురు పట్టే గేటులోంచి నాలుగొందల మంది ఒక్కసారి పోవాలనుకున్నప్పుడే ప్రాణాలు పోతాయి. స్టార్ వస్తున్నాడంటే ఇంకా ఘోరం, వెనకోళ్ళకి ముందు ఏం జరుగుతుందో కనపడదు, తోస్తనే ఉంటారు. గోదారిగట్టు గారు చెప్పిన పుష్కరాల దగ్గర కూడా అంతే కదా?

గోదారిగట్టు
అవును. అప్పటిదాకా ఆపేసి ఉంచిన జనాన్ని ఒక్కసారిగా వదిలేశారు.

ముషీరాబాద్_శీను
అందుకే అంటున్నా, పిల్లలతో పోయేవాళ్ళు గేటు తెరవగానే, ఇంకా జనం పలచగా ఉండగానే లోపలికి పోవాలి. అందరూ పోయినాక బయటికి రావాలి. ఆఖరి పాట అయిపోగానే లేచి పరుగు పెట్టొద్దు. గుంపు కదులుతున్నప్పుడు ఫోన్ కింద పడినా చెప్పు ఊడినా వంగొద్దు, పోతే పోనీ. పిల్ల చెయ్యి వేళ్ళతో కాదు, మణికట్టు దగ్గర పట్టుకోండి. చెమటకి వేళ్ళు జారతాయి.

చెవుల_డాక్టర్
జనం సంగతి మిగతావాళ్ళు చెప్తున్నారు కాబట్టి నేను చెవుల సంగతి చెప్తాను, నా వృత్తి అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ (చప్పుడుకి కొలత) వరకు ఫర్వాలేదు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైమ్ సగమైపోతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5... ఇలా దిగుకుంటూ పోతే 101 దగ్గరికొచ్చేసరికి వారం మొత్తానికి 20 నిమిషాలు కూడా మిగలవు. పిల్లలకైతే ఈ లెక్క 75 నుంచే మొదలవుతుంది. కచేరీలు జరిగే చోట్లకి అదే సంస్థ 2022లో పెట్టిన హద్దు, 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్. అంటే రూల్ తప్పకుండా నడిచే షో కూడా ఉత్తి చెవులతో కూర్చున్న పిల్లకి చాలా ఎక్కువే.

లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. చచ్చినవి మళ్ళీ మొలవవు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళు "చెవిలో గుయ్‌మంటోంది, రెండు రోజుల్లో తగ్గిపోతుందనుకున్నా" అంటారు. తగ్గినట్టు అనిపించినా కొంత నష్టం మిగిలిపోయి ఉండొచ్చు.

తలమీంచి వచ్చే ఇయర్‌మఫ్‌లు, పిల్లల సైజువి కొనండి. సరిగ్గా పడితే 20 డెసిబెల్స్ పైనే తగ్గిస్తాయి. 100 ఉన్నచోట పిల్ల చెవికి 80 దగ్గర వినిపిస్తుంది. ఆ మాత్రం రెండు గంటలకి ఇబ్బంది లేదు, పాటా చక్కగానే వినపడుతుంది. నురగలాంటి ఇయర్‌ప్లగ్‌లు పెద్దవాళ్ళకి బాగుంటాయి, ఆరేళ్ళవాడి చెవి సందులో సరిగ్గా కూర్చోవు. అన్నట్టు, దూది పెడితే చాలనుకోవద్దు. చలిగాలికి అమ్మమ్మలు పెట్టే దూది ఈ చప్పుడుని ఆపదు.

ఓరుగల్లు_పోరడు
మా గల్లీల గణేశ్ నిమజ్జనం డీజే కన్నా ఎక్కువుంటదా డాక్టర్ గారూ?

చెవుల_డాక్టర్
డీజే బండి పక్కనే నడిచేవాళ్ళకి ఇంకా ప్రమాదం, ఎందుకంటే స్పీకర్‌కి మూడడుగుల దూరంలో ఉంటారు. అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నది ఊరికే కాదు. కచేరీకి మఫ్‌లు కొన్నవాళ్ళు వచ్చే ఏడాది నిమజ్జనానికీ, పెళ్ళి బరాత్‌కీ కూడా తీయండి వాటిని.

కడప_రెడ్డెమ్మ
చెవులు సరే, కండ్లకి ఏం కడతారు? ఈ కచేరీల్లో తాగేవాళ్ళు, పొగ వదిలేవాళ్ళు, ఆ గోలంతా పిల్లోళ్ళు చూడాల్నా? పోయిన నెల హైదరాబాద్‌లో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ షోకి ముందు తెలంగాణ ప్రభుత్వం వాళ్ళే నోటీసు ఇచ్చినారు కదా, తాగుడు పాటలు పాడొద్దని, పిల్లోళ్ళని స్టేజీ ఎక్కించొద్దని. ఉత్తినే ఇస్తారా?

పాలెస్‌గ్రౌండ్స్_బాబ్జీ
రెడ్డెమ్మ గారూ, ఈ షో జరిగేది గుజరాత్‌లో. అక్కడ మద్య నిషేధం ఉంది. మిగతా ఊళ్ళలోలా బీర్ గ్లాసులు పట్టుకుని మీద ఒలకబోసుకునే బెడద అక్కడ తక్కువ. పిల్లలతో వెళ్ళడానికి నన్నడిగితే దేశంలో ఇంతకన్నా మంచి ఊరు దొరకదు.

ఆ నోటీసులో చెవుల సంగతి కూడా ఉంది. పిల్లల విషయంలో చప్పుడు ఒక్క క్షణం కూడా 120 డెసిబెల్స్ దాటకూడదన్నారు. మంచిదే.

కడప_రెడ్డెమ్మ
నిషేధం ఉన్న చోట దొరకదని ఎవరు చెప్పినారు నాయనా. సరే, మీ మాట ఒప్పుకుంటాండా, అంతవరకే.

పాలెస్‌గ్రౌండ్స్_బాబ్జీ
డాక్టర్ గారు గుయ్‌మనడం గురించి అన్నారు కాబట్టి నాదీ చెప్తాను. 2011 అక్టోబర్ 30, బెంగళూరు పాలెస్ గ్రౌండ్స్, మెటాలికా అనే అమెరికన్ బ్యాండ్ షో. అంతకు రెండ్రోజుల ముందే గుడ్‌గావ్‌లో వాళ్ళ షో ఆగిపోయి, జనం కోపంతో స్టేజీ మీద పడ్డారు. మా దగ్గరైనా జరుగుతుందా లేదా అని చివరిదాకా టెన్షన్. వాన పడి నేలంతా బురద. ముందు వరసలో స్పీకర్లకి ఎదురుగా నిలబడ్డాను. ఇయర్‌ప్లగ్ అనే మాటే వినలేదు అప్పటికి.

ఆ రాత్రి మొదలైన చప్పుడు ఎడమ చెవిలో ఇప్పటికీ ఉంది. పగలు తెలీదు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగిందంటే సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. డిసెంబర్ చలిలో కూడా ఫ్యాన్ వేసుకునే పడుకుంటాను. మా ఆవిడ రెండు దుప్పట్లు కప్పుకుంటుంది పాపం. కోల్డ్‌ప్లే పాడే క్రిస్ మార్టిన్‌కి కూడా ఇదే జబ్బు, ఆయనే 2012లో బయటికి చెప్పాడు. అందుకే వాళ్ళ షోల్లో ఇయర్‌ప్లగ్‌లు ఉచితంగా ఇస్తారు.

ఆ రాత్రి నా జీవితంలో గొప్ప రాత్రి. మా అమ్మాయికి కూడా అలాంటిది దొరకాలని కోరుకుంటాను, చెవికి కాపలా పెట్టి. మియాపూర్ అమ్మగారూ, పాపని తప్పకుండా తీసుకెళ్ళండి.

డాలస్_వదిన
బాబ్జీ గారి మెటాలికానే మేమూ చూశాం, 2023 ఆగస్టు 18న ఇక్కడ ఆర్లింగ్‌టన్ స్టేడియంలో. పైకప్పు ఉన్న స్టేడియం, స్టేజీ మధ్యలో గుండ్రంగా ఉంటుంది. మావాడికి అప్పుడు 8. మఫ్‌లు పెట్టాం, సీట్లు పై అంచెలో తీసుకున్నాం, అన్నీ చదువుకునే వెళ్ళాం. అయినా నాలుగో పాటకే మావాడు ఏడుపు. చెవులు నొప్పా అంటే కాదన్నాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "ఇక్కడ కొడుతోంది" అన్నాడు. డ్రమ్ముల దెబ్బ ఒంట్లో దిగుతుంది కదా, దాన్ని మఫ్‌లు ఆపవు. పెద్దవాళ్ళకి అదే మజా, వాడికి అదే భయం.

నేను వాణ్ణి తీసుకుని బయట వరండాలోకి వచ్చేశాను. అక్కడా వినిపిస్తుంది కానీ ఒంటికి తగలదు. ఒక ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను, గంటన్నర అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్నాం. మా ఆయన లోపల ఒక్కడే చూశాడు. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు, ముందే మాట్లాడుకోనందుకు. ఏడిస్తే ఎవరు బయటికి వస్తారో టికెట్ కొన్న రోజే తేల్చుకోండి. పిల్లల్ని తీసుకెళ్తే ఇద్దర్లో ఒకళ్ళకి కచేరీ లేనట్టే అనుకుని బయల్దేరాలి.

గోదారిగట్టు
ఇన్ని పోస్టుల్లో నాకు నచ్చిన మాట ఇదొక్కటే.

బళ్ళో_టీచరమ్మ
ఇంతమంది ఇంత మాట్లాడారు, పిల్లల్ని ఎవరైనా అడిగారా? "వస్తావా" అని కాదు. ఆ షో వీడియో పది నిమిషాలు టీవీలో పెద్ద సౌండ్‌తో పెట్టి, లైట్లార్పి కూర్చోబెట్టండి. ఎవరు లీనమై చూస్తారో, ఎవరు లేచి బొమ్మల దగ్గరికి పోతారో మీకే తెలిసిపోతుంది.

మౌనం_మాట
వీడియో అంటే గుర్తొచ్చింది. మా బాబుకి ఫిట్స్ ఉన్నాయి. గబగబా వెలిగి ఆరే లైట్లు కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి. ఈ షోల్లో లైట్లే ప్రధానం. ఇంట్లో ఎవరికైనా అలాంటిది ఉంటే ముందు వాళ్ళ డాక్టర్‌ని అడగండి. మేమైతే వెళ్ళం. ఇంట్లో స్పీకర్ పెట్టుకుని మేం ముగ్గురం ఆడుకుంటాం, అదీ మాకు కచేరీయే.

డాలస్_వదిన
మీ పోస్టు చదివాక ఒక్క నిమిషం ఆగిపోయాను. బాబుకి నా ముద్దులు.

విశాఖ_అల
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి. పులిహోర లోపలికి రానిస్తారా?

ముషీరాబాద్_శీను
నీళ్ళ సీసాయే రానివ్వరు, పులిహోర అంటున్నారా. వెళ్ళే ముందే కడుపునిండా పెట్టేయండి. లోపల క్యూలు చాంతాడంత ఉంటాయి.

ఓరుగల్లు_పోరడు
మా అక్క చేసిన పని చెప్తా. మేడారం పోయే ముందు రాత్రి పోరగాండ్ల ముంజేతికి మెహందీ కోన్‌తోని ఫోన్ నంబర్ రాసింది. పెన్నుతోని రాస్తే చెమటకు పోతది. చీటీ జేబుల పెడితే పడిపోతది. మెహందీ వారం దాంక పోదు. ఇంగ్లీషు అంకెలల్లనే రాయాలె, ఏ ఊరోడైనా సదువుతడు.

మియాపూర్_అమ్మ
ఇది చేస్తాను. పాపకి మెహందీ అంటే ప్రాణం ఎలాగూ.

టీచరమ్మ గారు చెప్పినట్టు నిన్న రాత్రి వీడియో పెట్టాం. పాప కళ్ళార్పకుండా చూసింది. బాబు మూడో నిమిషంలో కారు బొమ్మ తెచ్చుకుని సోఫా కింద దూరాడు. మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గోదారిగట్టు
వాడే చెప్పేశాడు జవాబు.

విశాఖ_అల
2025 జనవరి 20
26వ తారీఖు షోని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో లైవ్ ఇస్తున్నారు, చూశారా? బాబు, నాన్నమ్మ ఇంట్లో కూర్చుని చూడొచ్చు!

మియాపూర్_అమ్మ
అదే అనుకున్నాం. బాబు అత్తయ్య దగ్గర ఉంటాడు. నాలుగో టికెట్ మేం దిగబోయే ఇంటావిడకి ఇస్తున్నాం. బాబు రెండ్రోజులు మాట్లాడలేదు నాతో. అత్తయ్య వాడికి జంతికలు చేసిపెడతానని ఒప్పించారు.

మియాపూర్_అమ్మ
2025 జనవరి 28
వెళ్ళొచ్చాం. అందరూ అడుగుతారని వివరంగా రాస్తున్నాను.

గేట్లు తెరిచిన కాసేపటికే లోపలికి వెళ్ళిపోయాం, తోపులాటే లేదు. మఫ్‌ల దగ్గర మాత్రం ఒక సంగతి మాకెవరూ చెప్పలేదు. పాపకి బుట్టకమ్మలు పెట్టి తీసుకెళ్ళాను. మఫ్ వాటిమీద పడితే నొక్కుకుని నొప్పి, పైగా పక్కన సందు ఉండిపోయి చప్పుడు లోపలికి వచ్చేస్తోంది. సీట్లో కూర్చున్నాక కమ్మలు తీసి నా పర్సులో వేసుకున్నాను. పైకెత్తి వేసిన పోనీటెయిల్‌కి కూడా మఫ్ బ్యాండ్ జారిపోతోంది, విప్పేసి కిందకి రెండు జడలు వేశాను. కళ్ళద్దాలున్న పిల్లలకి కూడా ఇదే ఇబ్బంది వస్తుందనుకుంటా, ఇంట్లోనే పెట్టి చూసుకోండి.

చేతికి తెల్ల బ్యాండ్ ఒకటి ఇచ్చారు. మొదటి పాటకి స్టేడియం మొత్తం ఒక్కసారి ఎర్రగా వెలిగింది. పాప తన చెయ్యి వెనక్కి దాచి, మళ్ళీ తీసి, చున్నీలో చుట్టి చూసింది. ఏం చేసినా అది లక్షమందితో పాటే రంగు మారుతోంది. అప్పుడు నా వైపు తిరిగి ఏదో అంది, గట్టిగానే అరిచింది, అయినా ఆ చప్పుడులో నాకు వినపడలేదు. ఆ ముఖం మాత్రం చచ్చేదాకా మర్చిపోను.

డాలస్ వదిన గారు చెప్పినట్టే డ్రమ్ములు గుండెల్లో కొట్టాయి. పాప ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. నా గుండె జారింది. కానీ భయపడలేదు, నా చెయ్యి లాక్కుని తన ఛాతీ మీద పెట్టి చూపించింది.

మావారి ఫోన్లో సౌండ్ కొలిచే యాప్ వేశాం. మా సీట్ల దగ్గర 90 దాటి పైకీ కిందికీ ఆడింది. అన్నిటికన్నా పెద్ద చప్పుడు పాటది కాదు. మధ్యలో బుమ్రా తెర మీద కనిపించాడు. జనం వేసిన కేకకి పాప రెండు చేతులతో మఫ్‌లు అదిమి పట్టుకుంది. రిపబ్లిక్ డే కదా, చివర్లో క్రిస్ మార్టిన్ వందేమాతరం అందుకున్నాడు. మా వెనక వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

తప్పు ఒకటి జరిగింది. చివరి ముందు పాటలో పాప మఫ్‌లు తీసేసింది, "ఒక్క పాట మామూలుగా వింటానమ్మా" అని. నేను వద్దన్నాను, మావారు పోనీలే అన్నారు. ఇద్దరం అక్కడే వాదించుకున్నాం, ఆ పాట నాకు గుర్తే లేదు. బాబ్జీ గారి ఫ్యాను నా కళ్ళముందు తిరిగింది. ముందే మాట్లాడుకోవాల్సింది.

శీను గారి మాట ప్రకారం అయిపోయాక ముప్పావుగంట సీట్లలోనే కూర్చున్నాం. బ్యాండ్ వెనక్కివ్వాలంటే పాపకి మనసొప్పలేదు, మళ్ళీ వాడుకుంటారని చెప్తే డబ్బాలో వేసింది. మెట్రో రాత్రి 12:30 దాకా పెట్టారు. మోటేరా స్టేషన్‌లో క్యూ పెద్దదే కానీ తాళ్ళు కట్టి కొంచెం కొంచెంగా వదిలారు. రైల్లో నా ఒళ్ళో పడి నిద్రపోయింది, పదకొండేళ్ళ పిల్ల.

గోదారిగట్టు
క్షేమంగా వచ్చారు, అది చాలు. తాళ్ళు కట్టి కొంచెం కొంచెంగా వదిలారన్న వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. ఆ పొద్దున మా రేవులో ఎవరైనా ఆ పని చేసి ఉంటే బాగుండేది.

చెవుల_డాక్టర్
ఒక్క పాటకి కంగారు పడకండి. పాపకి గుయ్‌మనడం గానీ, చెవి మూసుకున్నట్టు గానీ ఉందా? లేకపోతే నిశ్చింతగా ఉండండి.

మియాపూర్_అమ్మ
ఏమీ లేదట. మూడుసార్లు అడిగాను.

కడప_రెడ్డెమ్మ
నేను మా పిల్లోళ్ళని ఇప్పటికీ పంపను. కానీ ఆ చెయ్యి లాక్కుని ఛాతీ మీద పెట్టుకున్నది చదివితే కండ్లలో నీళ్ళొచ్చినాయి.

పాలెస్‌గ్రౌండ్స్_బాబ్జీ
బాబు ఏం చేశాడు ఆ రోజు?

మియాపూర్_అమ్మ
రెండు పాటలు చూసి నిద్రపోయాడట. అత్తయ్య మాత్రం చివరిదాకా చూశారు, జనంలో మేం కనిపిస్తామేమోనని.

విశాఖ_అల
ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ షోకి మా పదేళ్ళదాన్ని తీసుకెళ్తున్నాం. ఆన్‌లైన్‌లో మఫ్‌లు ఆ లోపు వచ్చేలా లేవు. మీవి ఒక్కరోజు ఇస్తారా?

మియాపూర్_అమ్మ
మెసేజ్ పెట్టండి, మియాపూర్ మెట్రో దగ్గర ఇస్తాను. మీ అమ్మాయిని కూడా తీసుకురండి, మఫ్ బ్యాండ్ సరిపోతుందో లేదో అక్కడే చూసుకుందాం. కమ్మలు తీసి రమ్మనండి.